కొమ్ముల కోసం ఫాలో జింకను వేటాడటం సబబేనా?

పచ్చికబయలు:
న్యూజిలాండ్‌లో గైడ్‌ను పెట్టుకుని ఫాలో జింకను (fallow deer అనే జాతి) వేటాడి, కొమ్ములు ఇంటికి తెచ్చుకునే ప్యాకేజీలు ఉన్నాయి. దీని మీద నిన్న స్నేహితుల మధ్య పెద్ద వాదనే జరిగింది. అడవికి మేలని ఒకరు, డబ్బిచ్చి ప్రాణం తీయడమని ఇంకొకరు. మీరేమంటారు?

కొండదారి:
మేలే అంటాను. మనుషులు అడుగుపెట్టకముందు ఆ నేల మీద గబ్బిలాలు తప్ప పాలిచ్చే జంతువులే లేవు. ఫాలో జింకల్ని 1860ల్లో వలస వచ్చినవాళ్లు తెచ్చి వదిలారు. వాటిని వేటాడి తినే మృగం అక్కడ లేదు. ఎలాగూ తగ్గించాల్సిందే కదా, ఆ పని డబ్బు కట్టి వచ్చేవాళ్లు చేస్తే తప్పేంటి? పైగా మంచి గైడ్ అయితే, ఒక్క దెబ్బతో ప్రాణం పోయేలా జింక సరిగ్గా పక్కకి తిరిగి నిలబడేదాకా తుపాకీ పేల్చనివ్వడు.

నీలిమబ్బు:
కొండదారి గారూ, తగ్గించాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. జింకలు ఎక్కువైన అడవిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అవి మెడ చాచితే అందేంత ఎత్తు వరకు ఒక్క ఆకు ఉండదు. గీత గీసినట్టు పైన పచ్చగా, కింద బోడిగా ఉంటుంది. ముసలి చెట్టు కూలితే దాని చోట ఎదగడానికి మొక్క మిగలదు.

కానీ ఇలా కొమ్ముల కోసం చేసే ట్రోఫీ వేటతో మంద తగ్గదండీ. కొమ్ములుండేది మగవాటికే. జతకట్టే కాలంలో ఒక్క మగజింక ఎన్నో ఆడజింకలతో కలుస్తుంది. దాన్ని కాల్చేస్తే ఆ చోటికి ఇంకోటి వస్తుంది, మరుసటి ఏడు పిల్లలు మామూలుగానే పుడతాయి. తగ్గించాల్సింది ఆడవాటిని. వాటి తలల్ని గోడకు తగిలించుకోవాలని ఎవరికీ ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. అరచేయిలా విచ్చుకునే ఆ కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి, కానీ నిండుగా రావాలంటే జింకకు వయసు రావాలి. అంటే కొమ్ముల మీద వ్యాపారం చేసేవాళ్లకు మగజింకలు ఏళ్ల తరబడి బతకాలి, మంద కళకళలాడాలి. ఆస్ట్రేలియాలోని టాస్మేనియానే చూడండి. బయటి నుంచి తెచ్చిన జంతువే అయినా, వేట కోసమని చట్టం ఫాలో జింకకు కొంత రక్షణ ఇచ్చింది. ఇప్పుడవి అక్కడి వరల్డ్ హెరిటేజ్ అడవుల్లోకీ చేరాయి.

కొండదారి:
ఆడజింకల సంగతి మీరన్నది నిజమే. అయితే వాటిని తగ్గించడానికి ఖర్చవుతుంది కదా. ట్రోఫీ డబ్బుతో ఆ పని చేయించే భూయజమాని ఉంటే?

నీలిమబ్బు:
అలా చేయిస్తే నాకు అభ్యంతరం లేదు. అడవి పేరు చెప్పుకుని కంచె లోపల కొమ్ముల కోసం జింకల్ని పెంచితేనే కోపం వస్తుంది.

పచ్చికబయలు:
వెళ్లేవాళ్లు ఈ సంగతి గైడ్‌ని అడగొచ్చా?

నీలిమబ్బు:
తప్పకుండా, బుక్ చేసే ముందే అడగమనండి. ఏటా ఎన్ని ఆడజింకల్ని కాలుస్తున్నారు, ఏ నెలల్లో కాలుస్తున్నారు అని. పాలు తాగే పిల్ల ఉండగా తల్లిని కాల్చేస్తే, ఆ పిల్ల పొదలోనే ఆకలితో చచ్చిపోతుంది.