డీపీ 980 ఉక్కు రేకులో అంచు పగుళ్లను ఎలా ఆపాలి?

కారు బాడీ బరువు తగ్గించే పనిలో భాగంగా, సీటు కింది అడ్డ దూలానికి మామూలు మెత్తని ఉక్కుకు బదులు 980 మెగాపాస్కల్స్ తన్యబలం (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలం) గల డ్యూయల్ ఫేజ్ (డీపీ) ఉక్కు రేకును వాడి చూస్తున్నాను. ఎంత బలమైన ఉక్కుకైనా స్థితిస్థాపక గుణకం (పదార్థపు దృఢత్వాన్ని చెప్పే కొలత) దాదాపు 210 గిగాపాస్కల్సే కనుక, రేకును పలుచన చేసినప్పుడు తగ్గిన దృఢత్వాన్ని ఆకారం మార్చి సరిదిద్దుకోగలిగాను. నన్ను నిజంగా వేధిస్తున్నవి అంచు పగుళ్లు. సిమ్యులేషన్‌లో ఫార్మింగ్ లిమిట్ రేఖకు (రేకు చీలకుండా ఎంతవరకు సాగగలదో చూపే హద్దుకు) ఎంతో దిగువన ఉన్న చోటే, కత్తిరించిన అంచును వంచి సాగదీసేటప్పుడు రేకు చీలుతోంది. ఈ ఉక్కులో మెత్తని ఫెర్రైట్, గట్టి మార్టెన్‌సైట్ అనే రెండు సూక్ష్మ భాగాలు పక్కపక్కనే ఉండడం వల్ల కోత దగ్గర సూక్ష్మ పగుళ్లు పుడతాయని చదివాను. రేకును కత్తిరించే పంచ్‌కూ దాని కింద ఉండే డైకీ మధ్య ఖాళీని రేకు మందంలో 10 శాతం నుంచి 15 శాతానికి పెంచితే సరిపోతుందా, లేక అంచు సాగుదల మెరుగ్గా ఉండే కాంప్లెక్స్ ఫేజ్ ఉక్కుకు మారాలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.