పార్సిల్ ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) ఇంటికొచ్చేసరికి ముద్దవుతోంది, దారి చెప్పండి

గచ్చిబౌలిలోని చిన్న వియత్నామీ హోటల్ నుంచి కూకట్‌పల్లికి చికెన్ ఫో పార్సిల్. దారి 40 నిమిషాలు. సూప్, నూడుల్స్ విడిగానే కడతారు, అయినా నూడుల్స్ డబ్బా ఆకారంలోనే గడ్డగా ఊడి పడుతున్నాయి. బియ్యప్పిండివి కాబట్టి చల్లారితే బిగుసుకుంటాయి, అది సహజమే. మరిగే నీళ్లలో 10 సెకన్లు ముంచి వంపేస్తే విడిపోతాయి. కాస్త ఎక్కువసేపు ఉంచితే మాత్రం చెంచాకి ముక్కలే తగులుతాయి. సూప్ సలసలా మరగాలి, గోరువెచ్చగా పోస్తే అనాసపువ్వు వాసనే పైకి రాదు.

ఉడికించాక చన్నీళ్లలో కడిగి, ఒక చెంచా నూనె కలిపి కట్టమని హోటల్లో అడిగితే ఫలితం ఉంటుందా? నూనె పట్టిన నూడుల్స్‌కి సూప్ రుచి అంటదేమోనని అనుమానం. లేదా ఎండు బియ్యం నూడుల్స్ ఇంట్లోనే నానబెట్టుకుని, సూప్ మాత్రం తెచ్చుకోవడం మేలా? అలా చేసేవాళ్లు ఎంత వెడల్పువి, ఎంతసేపు నానబెడుతున్నారో చెప్పండి.

ఇంకొకటి. థాయ్ తులసి బదులు పూజ తులసి వేస్తే లవంగం ఘాటు సూప్‌ని మింగేస్తోంది. సబ్జా మొక్క ఆకు ఎవరైనా వేసి చూశారా? పొడవాటి పెసర మొలకలు కూకట్‌పల్లి చుట్టుపక్కల ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పగలరు.