అప్‌డేట్: పాలపొడి తేమ మోడల్‌కి డేటా ఎలా విడగొట్టానంటే

పాలపొడిలో తేమను నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని ఒక రకం కాంతి) స్కాన్లతో అంచనా వేసే మోడల్ కోసం డేటాను ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ స్కాన్ల వారీగా విడగొట్టాలా, శాంపిల్స్ వారీగానా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టు శాంపిల్స్ వారీగానే చేశాను. ఒకే శాంపిల్ స్కాన్లు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడితే, మోడల్ తేమను నేర్చుకోకుండా ఆ శాంపిల్‌నే గుర్తుపట్టేస్తుంది. రెండు పద్ధతులూ పోల్చాను. శాంపిల్స్ వారీగా చేస్తే ఎర్రర్ బాగానే పెరిగింది, కానీ పేపర్‌లో ధైర్యంగా రాయగలిగే అంకె అదే.

అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇంకోటి. మోడల్ ఎక్కువగా ఆధారపడుతున్నది 1450, 1940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల చుట్టుపక్కల. నీరు కాంతిని గట్టిగా పీల్చుకునేది సరిగ్గా అక్కడే!

వేరే స్పెక్ట్రోమీటర్ (ఈ స్కాన్లు తీసే పరికరం) మీద పరీక్షించడం మిగిలింది. పరికరం మారితే ఇలాంటి మోడళ్లు తరచూ తడబడతాయి కాబట్టి కొంచెం టెన్షన్‌గానే ఉంది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.