తెలంగాణ సాయుధ పోరాటం: జనాన్ని లేపింది సిద్ధాంతమా, ఆకలా?

పాలకుర్తి మనవడు:
పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర, నిజాం కాలంలో దొరల మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి మామలిద్దరూ గట్టిగా వాదులాడుకున్నారు. పెద్దమామ మాట: "వెట్టి భరించలేక జనమే తిరగబడ్డరు. కమ్యూనిస్టు పార్టీ వెనకొచ్చి జెండా పట్టుకుంది." చిన్నమామ మాట: "సంఘం లేకపోతే ఇంకో వందేండ్లు 'నీ బాంచెన్' అనుకుంటనే ఉండేటోళ్లు." చేతిలో అన్నం ఎండిపోయింది కానీ వాదన తెగలేదు. అందుకే మీ అందరినీ అడుగుతున్నా.

నేనైతే పెద్దమామ వైపే. మా తాత దొర గడి (కోటలాంటి ఇల్లు) ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. గడి కూలిపోయి తుమ్మచెట్లు మొలిచిన తర్వాత కూడా ఆ మలుపు దగ్గర ఆయన అడుగు నెమ్మదించేది, నేను చూశాను. ఇంట్లో గింజలు అయిపోతే దొర దగ్గర నాగు తెచ్చేవారట. రెండు కుంచాలు తెస్తే పంట వచ్చాక మూడు కొలవాలి. ఆయనకు మార్క్స్ ఎవరో తెలియదు. మనిషి తిరగబడటానికి ఆ మూడో కుంచం చాలదా?

నల్లగొండ టీచర్:
చాలదండీ. మూడో కుంచం మీ తాతగారి నాన్న కూడా కొలిచారు, ఆయన నాన్న కూడా కొలిచారు. మరి 1946లోనే ఎందుకు తిరగబడ్డారు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో లేవీ పేరుతో ధాన్యం గుంజుకోవడం పెరిగింది, నిజమే. కానీ దానికంటే ముందు చాలా జరిగింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మొదలైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ మొదటి సభ జరిగింది. 1944 భువనగిరి సభకు వచ్చేసరికి రావి నారాయణరెడ్డి గారి నాయకత్వంలో అది రైతు కూలీల సంఘమైపోయింది. జనం 'సంఘం' అన్నది దీన్నే. రూపాయి ఇవ్వలేనివాడు అణా ఇచ్చి సభ్యుడయ్యాడు. ఆ అణా చీటీని నేను చిన్న విషయం అనుకోను. దొర పేరు తప్ప ఇంకో పేరు కింద బతకని మనిషికి మొదటిసారి ఒక కాగితం మీద తన పేరు కనపడింది.

చాకలి ఐలమ్మ విషయమే తీసుకోండి. ఆమె కౌలుకు చేసిన పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) కన్ను పడింది. పంట కోసుకుపోవడానికి మనుషులను పంపితే, సంఘం కార్యకర్తలు ఆ పంట కోసి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. కష్టం ఆమెదే, తెగువ కూడా ఆమెదే. కానీ ఆ రోజు చేలో ఆమె ఒక్కతే ఉంటే ఏమయ్యేదో మనకు తెలుసు. "ఇది నీ ఒక్కదాని బాధ కాదు" అని చెప్పిందే సిద్ధాంతం.

పాలకుర్తి మనవడు:
సార్, ఐలమ్మ విషయంలో ఒప్పుకుంటా. కానీ ఒక్క లెక్క చూడండి. కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపింది 1946 జూలై 4న. ఆ వార్త విని ఊళ్లకు ఊళ్లు కర్రలు, వడిసెలలు, కారప్పొడి పట్టుకుని కదిలాయి. కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చింది 1947 సెప్టెంబర్ 11న. మధ్యలో పద్నాలుగు నెలలు! పిలుపు కోసం జనం ఆగలేదు కదా?

పాతబస్తీ గొంతు:
మీరిద్దరూ మాట్లాడేది ఒక్క సిద్ధాంతం గురించే. అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఇంకోటి కూడా నడిచింది. "ప్రతి ముసల్మానూ ఈ రాజ్యానికి పాలకుడే" అని మజ్లిస్ పార్టీ ప్రచారం చేసింది. దాన్ని నమ్మినవాళ్లలో ఒక పూట తిని ఒక పూట పస్తున్న మనుషులు కూడా ఉన్నారు. ఆకలే మనిషికి దారి చూపిస్తే, ఆ పేద ముస్లిం తన పక్కనున్న పేద రైతు వైపు నిలబడాలి. కానీ చాలామంది మజ్లిస్ నాయకుడు ఖాసిం రజ్వీ వెనక నడిచి, ఆయన సాయుధ దళమైన రజాకార్లలో చేరారు. మఖ్దూం కూడా ముస్లిమే, ఆయన కార్మికుల దగ్గరికి వెళ్లాడు. రజాకార్లను విమర్శించిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. 1948 ఆగస్టులో నడివీధిలో ఆయన్ని చంపేశారు.

తర్వాత నిజాం మీదికి భారత సైన్యం వచ్చింది. రజాకార్ల పేరు చెప్పి, ఏ పాపం తెలియని ముస్లింలను కూడా ఊళ్లలో చంపారు. దీని మీద కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం చనిపోయింది 27 వేల నుంచి 40 వేల మంది. మా నానమ్మ ఆ ఏడాది గురించి ఎవరు అడిగినా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆకలి అందరిదీ ఒకటే. ఎవరిని శత్రువు అనుకోవాలో చెప్పింది మాత్రం సిద్ధాంతాలే. అందుకే టీచర్ గారి మాటతో ఏకీభవిస్తాను. కానీ ఆయన చెప్పినంత సంతోషంగా చెప్పలేను.

సూర్యాపేట ఆడబిడ్డ:
ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఎందుకు మొదలైందని అందరూ అడుగుతున్నారు, ఎప్పుడు ఆగాలో ఎవరు తేల్చారు?

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. దొరలు అప్పటికే ఊళ్లు వదిలి పట్నం పోయారు. భూములు పంచారు. ఇక తుపాకులు దించుదామని రావి నారాయణరెడ్డి గారు అన్నారు. కానీ పార్టీలో అందరూ ఒప్పుకోలేదు. అదే ఏడాది మొదట్లో కలకత్తా మహాసభలో కమ్యూనిస్టు పార్టీ తీసుకున్న తిరుగుబాటు పంథా వేరు, చైనా దారిలో (పల్లెల నుంచి దీర్ఘకాల పోరు) పోవాలన్న ఆంధ్ర నాయకుల పత్రం వేరు. పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. ఆ మూడేళ్లు నైజాం పోలీసుతో కాదు, భారత సైన్యంతో తలపడ్డారు. ఊళ్లు వదిలి గోదావరి అడవులు పట్టారు. ఆ నిర్ణయం ఏ రైతు ఆకలిలోంచీ రాలేదని నా నమ్మకం. అది కాగితాల మీద, వాదనల్లో తేలింది. ప్రాణాలు ఇచ్చింది మాత్రం ఊరివాళ్లు.

మా అమ్మమ్మ చెల్లెలు గంపలో జొన్నల అడుగున చీటీలు పెట్టి దళానికి చేరవేసేది. గంప అడుగు పేడతో అలికి, అది తడి ఆరాక చీటీ పెట్టి, పైన గుడ్డ పరిచి జొన్నలు పోసేదట. చిన్నప్పుడు మాకు చేసి చూపించింది. పోరాటం అయిపోయాక "ఇంక ఇంటికి పో, పెళ్లి చేసుకో" అన్నారట. "దున్నేవాడికే భూమి అన్నరు. దున్నేదానికి అనలేదు" అని ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ పోరాటమంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట చెప్పి తీరాలి: వెట్టిని చూడగలిగిన ఆ సిద్ధాంతం, తన పక్కనే గంప మోస్తున్న ఆడమనిషిని పూర్తిగా చూడలేకపోయింది.

నల్లగొండ టీచర్:
అమ్మా, మీ మాట తీసుకుంటున్నాను. 1948 తర్వాత కొనసాగించడం తప్పని నేను కూడా అనుకుంటాను, క్లాసులో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇంకో సంగతి. సెప్టెంబర్ 17కు కేంద్రం "విమోచన" అంటుంది, కమ్యూనిస్టులు "విలీనం" అంటారు, కొందరు "విద్రోహం" అంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో "జాతీయ సమైక్యతా దినం" చేసింది, 2024లో "ప్రజా పాలన దినోత్సవం" చేసింది. పిల్లలు ఏది రాయాలి సార్ అని అడుగుతారు. అన్ని పేర్లూ బోర్డు మీద రాసి, ఏ పేరు ఎవరు పెట్టారో చెబుతాను. పీరియడ్ సరిపోదు.

పాలకుర్తి మనవడు:
మీరు రాసినవన్నీ మామలిద్దరికీ చదివి వినిపించాను. పెద్దమామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి తాత ట్రంకు పెట్టె తెరిచాడు. 1950 కౌలుదారీ చట్టం 38-ఇ సెక్షన్ కింద, రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కు ఇస్తూ వచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఉంది. మూడెకరాల పది గుంటలు. "ఇది ఆకలి ఇచ్చిందా, సంఘం ఇచ్చిందా, సర్కారు భయపడి ఇచ్చిందా?" అని చిన్నమామ అడిగాడు. నాకైతే మూడూ కలిశాయనిపిస్తోంది. ఆకలి ఒక్కటే చాలన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆ సర్టిఫికెట్ కింద ఇంకో పాత కాగితం ఉంది, అంతా ఉర్దూ. మా ఇంట్లో చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. పాతబస్తీ గొంతు గారూ, ఫొటో పెడితే చదివి చెబుతారా?