ఫస్ట్ పిక్ ఇచ్చేసి బాంకెరోని తెచ్చుకోవాలా? కాస్త చెప్పండి
అన్నలూ, ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫాంటసీ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. మాది డైనస్టీ లీగ్, పది మందిమి, టీమ్ ఏడాదికేడాది మనతోనే ఉంటుంది, పోయినసారి నేను ఆఖర్న తేలా కాబట్టి ఈసారి రూకీ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం) ఫస్ట్ పిక్, అంటే మొదటి ఛాన్స్, నాదే. నిన్న రాత్రి పన్నెండింటికి మా రూమ్మేట్ గాడు ఆఫర్ పెట్టాడు, ఆ పిక్ ఇస్తే పావ్లో బాంకెరోని ఇస్తాడట, పైన ఒక బిర్యానీ కూడా (వాడు బిర్యానీ అన్నాడంటేనే నాకు డౌట్).

బాంకెరో 2022 అసలు ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్, రూకీ ఆఫ్ ద ఇయర్ కూడా కొట్టాడు, పాయింట్లు దంచుతాడు కానీ మాది కేటగిరీల లీగ్ (పాయింట్లు, షూటింగ్ పర్సంటేజీ లాంటివి ఒక్కోటీ విడిగా లెక్క), షూటింగ్ పర్సంటేజీ దగ్గర ముంచుతాడేమోనని భయం. పోనీ పిక్ ఉంచుకుందామా అంటే 2017లో ఫిలడెల్ఫియా వాళ్లు ఎగబడి బోస్టన్ దగ్గర ఫస్ట్ పిక్ తీసుకుని ఫుల్ట్స్‌ని పట్టుకుంటే వాడు తేలిపోయాడు, బోస్టన్ హాయిగా మూడో పిక్‌లో తర్వాత స్టార్ అయిన టేటమ్‌ని లాగేసింది, అది గుర్తొస్తే వణుకే. 2014లో క్లీవ్‌లాండ్ ఆ ఏడాది ఫస్ట్ పిక్ విగిన్స్‌ని ఇచ్చి అప్పటికే స్టార్ అయిన కెవిన్ లవ్‌ని తెచ్చుకుని 2016లో కప్పు కొట్టింది నిజమే, కానీ వాళ్లకి లెబ్రాన్ ఉన్నాడు, నాకెవడున్నాడు, సగం టీమ్ ముప్పై దాటినోళ్లే.

శుక్రవారం లోపు చెప్పాలి. మీరైతే ఇచ్చేస్తారా, లేక పైన ఇంకో పిక్ కూడా అడగమంటారా?