వీలునామాకు డాక్యుమెంట్ రైటర్ చాలడా, పెద్ద లాయరే కావాల్నా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
అన్నలకు అక్కలకు నమస్తే. మా నాయనకు 74 ఏండ్లు, ఆరోగ్యం బానే ఉండాది గానీ ఈమధ్య ఆస్తి సంగతి రాసిపెట్టాల్సిందే అని పట్టు పట్టినాడు. ఓర్వకల్లు పక్క తొమ్మిదెకరాల చేను, కల్లూరు సైడు రెండంతస్తుల ఇల్లు, కొంచెం బ్యాంకు డిపాజిట్లు, అంతే ఆస్తి. మేము ముగ్గురం, అన్న బెంగళూరు, నేను ఇక్కడే నాయన దగ్గర, అక్క అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉండాది. రిజిస్ట్రార్ ఆఫీసు ముందరుండే డాక్యుమెంట్ రైటర్ ఐదు వేలు ఇవ్వండి, వీలునామా అయినా సరే గిఫ్ట్ డీడ్ అయినా సరే రేపే అయిపోతుంది అంటాండాడు. అన్నేమో బెంగళూరులో ఎస్టేట్ ప్లానింగూ ట్యాక్సూ రెండూ చూసే లాయర్ని మాట్లాడినాడు, ఆయన లక్షన్నర అడుగుతాండాడు. ఇక్కడ మన కోర్టులో సివిల్ చూసే వకీలు ఒకాయన తెలుసు, ఆయన ఇంకా ఫీజు చెప్పల. మనలాంటోళ్ళకు అంత పెద్ద లాయరు నిజంగా అవసరమా, లేక అన్న ఊరికే భయపడతాండాడా?

రాగిసంగటి_రెడ్డి (ప్రొద్దుటూరు):
లక్షన్నరా!! అబ్బా, ఆ డబ్బుతో చేన్లో బోరు వేయించుకోవచ్చు కదప్పా. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లే, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, మీ నాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు, చట్టమే అంత సులభంగా పెట్టింటే మధ్యలో ఈ లాయర్లు ఎందుకు. మా పక్క ఊర్లన్నిటికీ ఒకే రైటరు ముప్పై ఏండ్ల నుంచి రాస్తాండాడు, ఎవరికీ ఏం కాలేదు. నన్నడిగితే వీలునామా కూడా వద్దు, గిఫ్ట్ డీడ్ కొట్టిచ్చేయండి, నాయన బతికుండంగానే పని అయిపోతుంది, తర్వాత గొడవ ఉండదు.

సివిల్_అక్క (కడప):
రెడ్డన్నా, ఎవరికీ ఏం కాలేదు అంటే ఆ రాసినోళ్ళు ఇంకా బతికే ఉన్నారని అర్థం. వీలునామా బాగుందో లేదో రాసినాయన పోయినాకే తెలిసేది. నేను కడప కోర్టులో ప్రాక్టీస్ చేస్తా కాబట్టి నా సొంత లాభం కోసం చెప్తాండానని అనుకున్నా పర్లేదు.

వీలునామా రాయడం కష్టం కాదు, రుజువు చేయడం కష్టం. 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి, అది రెడ్డన్న కరెక్టుగానే చెప్పినాడు. కానీ రేపు గొడవ వస్తే ఆ ఇద్దర్లో కనీసం ఒకరు, బతికుంటే, కోర్టుకొచ్చి బోను ఎక్కి చెప్పాల్సిందే, రిజిస్టర్ చేసిన వీలునామాకు కూడా ఇదే రూలు. మన రైటర్లు ఏం చేస్తారంటే ఆఫీసు వరండాలో రోజూ కూర్చునే ఇద్దర్ని పిలిచి సాక్షి సంతకాలు పెట్టిస్తారు. పదేండ్ల తర్వాత ఆయన్ని యాడ వెతుకుతారు? దొరికినా, నాకు గుర్తు లేదు తల్లీ రోజుకు ఇరవై పెడతాంటి అంటాడు. మీ నాయన కంటే వయసులో చిన్నోళ్ళు, ఆస్తిలో ఏమీ రానోళ్ళు, ఊరు వదిలి పోనోళ్ళు సాక్షులుగా ఉండాల. వీలైతే చూసే డాక్టరు ఒకరు. ఇంకోటి, వీలునామాలో ఎక్కువ వాటా ఎవరికొస్తుందో వాళ్ళే దగ్గరుండి రాయించినట్టు కనపడితే కోర్టుకు అనుమానం వస్తుంది, ఇది 1959లో సుప్రీంకోర్టు వేంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ నడుస్తాండే మాట. తుంగభద్ర తమ్ముడూ, నువ్వు నాయన దగ్గరే ఉండావు, రైటర్ని మాట్లాడిందీ నువ్వే, కొంచెం గమనించుకో.

అసలు ప్రశ్న ఇంకోటుంది. ఆ చేను మీ నాయన కొన్నదా, మీ జేజినాయన (తాత) నుంచి వచ్చిందా?

తుంగభద్ర_గట్టు:
ఐదెకరాలు జేజినాయనది అక్కా, నాలుగు నాయన కొన్నది. అవునూ, రైటరు మాత్రం అంతా స్వార్జితం అనే రాస్తా అన్నాడు, అట్ల రాస్తే సాఫీగా పోతుందంట.

సివిల్_అక్క:
చూడండి, ఐదు వేల పని అంటే ఇదే. కాగితం మీద స్వార్జితం అని రాసినంత మాత్రాన స్వార్జితం అయిపోదు. జేజినాయన ఎప్పుడు పోయినాడు, ఆయనకు ఆ ఐదెకరాలు ఎట్ల వచ్చినాయి, అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు వచ్చినాయా, కొన్నాడా, వీలునామా రాసినాడా, ఇవన్నీ తెలిస్తే గానీ అది ఉమ్మడి ఆస్తో కాదో చెప్పలేం. ఉదాహరణకు అది జేజినాయన సొంతంగా కొన్నదై, 1956 హిందూ వారసత్వ చట్టం తర్వాత ఏమీ రాయకుండా పోయింటే మీ నాయన వాటా మీ నాయన సొంతమే, ఎవరికైనా రాయొచ్చు. అదే ఉమ్మడి ఆస్తి అయితే ఆయన రాయగలిగేది ఆయన వాటా వరకే. మీ అక్కకు పుట్టుకతోనే మీతో సమానంగా వాటా ఉంటుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ అందరికీ ఇచ్చింది, 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పుతో మిగిలిన అనుమానం కూడా పోయింది.

లాయర్ని ఎట్ల ఎంచుకోవాల అంటే, మీ వకీలు దగ్గరికి పోయినప్పుడు ఆయన ఫీజు చెప్పే ముందు జేజినాయన సంగతి అడుగుతాడా లేదా చూడు. అడగకుండా ఫార్మాట్ తీసినాడంటే, నల్లకోటు వేసుకున్న డాక్యుమెంట్ రైటరే ఆయన కూడా.

అనంత_ఆడిటర్ (అనంతపురం):
సివిల్ సంగతి అక్క చెప్పింది, ట్యాక్స్ సంగతి నేను చెప్తా. ముందు ఒక భయం తీసేస్తా, మన దేశంలో వారసత్వం మీద పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేసినారు. కాబట్టి "ట్యాక్స్ మిగలాలంటే ఇప్పుడే ప్లానింగ్ చేయించుకోండి" అని బెంగళూరాయన అంటాంటే ఏ ట్యాక్స్ స్వామీ అని అడగండి. పన్ను వచ్చేది అమ్మినప్పుడు. కల్లూరు ఇల్లు ఎప్పుడమ్మినా క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) వస్తుంది, వారసులు అమ్మినా నాయన కొన్న ధరే లెక్కకొస్తుంది, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆరోజు విలువ పెట్టుకోవచ్చు. 2024 జులై 23 నుంచి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేసేది) లేదు. అంతకుముందు కొన్న ఇండ్లకు, స్థలాలకు ఇక్కడ ఉండేవాళ్ళకు మాత్రం ఇండెక్సేషన్ తో 20 శాతం అని ఇంకో దారి ఇచ్చినారు, అది మీ అమెరికా అక్కకు రాదు. అంటే అదే ఇంట్లో అదే వాటాకు అన్నకు ఒక లెక్క, అక్కకు ఒక లెక్క.

చేను సంగతి వేరే. కర్నూలు జనాభా లక్ష పైన పది లక్షల లోపల కాబట్టి కార్పొరేషన్ హద్దు నుంచి ఆరు కిలోమీటర్లు, రోడ్డు దూరం కాదు, గాల్లో నేరుగా కొలిచేది, అది దాటితే పల్లె వ్యవసాయ భూమి కింద లెక్క, అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ ఉండదు. ఓర్వకల్లు ఆ హద్దుకు చానా బయట. కానీ ఎయిర్‌పోర్టు, ఇండస్ట్రీలు వచ్చి రేట్లు పెరిగినాయని రేపు దాన్ని వెంచర్ వేసి ప్లాట్లు చేస్తే ఈ మాట చెల్లదు, తొందరపడొద్దు.

ఇప్పుడు రెడ్డన్న గిఫ్ట్ డీడ్ కొట్టిచ్చేయండి అన్నాడే, అక్కడికొస్తా. ఎన్నారైలు మన దగ్గర వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్టుగా కూడా తీసుకోకూడదు, ఫెమా (విదేశీ మారకపు చట్టం) రూలు. వారసత్వంగా అయితే రావొచ్చు. అంటే మీ నాయన చేన్లో అక్కకు వాటా గిఫ్ట్ డీడ్ రాస్తే తప్పు, వీలునామా రాస్తే రైటు! రిజిస్టర్ అయిపోయినంత మాత్రాన ఫెమా తప్పు ఒప్పు కాదు. తర్వాత అక్క దాన్ని అమ్మాలంటే ఇక్కడ ఉండే మన దేశస్తుడికే అమ్మాల.

రాగిసంగటి_రెడ్డి:
సరేలే సామీ, ఫెమా సంగతి నాకు తెలీదు, ఎన్నారై కూతుళ్ళు ఉండేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు. అందరికీ ఈ భయాలు పెట్టొద్దు. ఇద్దరు కొడుకులూ ఊర్లోనే ఉంటే గిఫ్ట్ డీడే మేలు అని నేను ఇప్పుడూ అంటా.

సివిల్_అక్క:
ఇద్దరు కొడుకులూ ఊర్లోనే ఉన్న ఇండ్లల్లోనే రెడ్డన్నా, గిఫ్ట్ డీడ్ రాసేసి ముసలాయన ఆర్డీవో ఆఫీసు మెట్లమీద కూర్చునేది. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద పిల్లలు చూడకపోతే ఆ గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు, కానీ మమ్మల్ని చూసుకోవాల అనే షరతు మీద ఇచ్చినట్టు కనపడాల. 2022లో ఒక సుప్రీంకోర్టు తీర్పు ఆ షరతు గురించి గట్టిగా చెప్పింది, 2025 జనవరిలో ఇంకోటి కొంచెం పెద్దోళ్ళ వైపు మొగ్గింది. ఆ ఒక్క వాక్యం డీడ్‌లో ముందే రాసుకుంటే ఈ తీర్పుల జోలికే పోవాల్సిన పని ఉండదు. రైటర్ ఫార్మాట్లో ఆ వాక్యం ఉండదు, పైగా "నాకు గానీ నా వారసులకు గానీ ఇకమీదట ఎటువంటి హక్కూ లేదు" అని ఎదురు రాస్తారు. వీలునామా అయితే బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. అందుకే పెద్దాయన చేతిలో పగ్గం ఉండాలంటే వీలునామానే.

దర్గా_వీధి_కడప:
భాయ్‌లందరికీ సలాం. రైటర్ ఫార్మాట్ అన్నారు కదా అక్కా, మా పరిస్థితి ఇంకా విచిత్రం. మా ముస్లింలకు మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి లేదు, వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాల. ఇవేమీ తెలీకుండా మా మామూకు ఇక్కడొక రైటరు మొత్తం ఇల్లు చిన్న కొడుక్కి అని నీట్‌గా టైపు కొట్టి ఇచ్చినాడు. మాకు హిబా అని ఉంది, నోటిమాటగా ఇచ్చి, తీసుకునేవాళ్ళు ఒప్పుకుని, స్వాధీనం చేస్తే చాలు, సుప్రీంకోర్టు 2011లో కూడా ఇదే చెప్పింది. స్వాధీనం చేసినట్టు ఆధారాలు పెట్టుకోవడం ఎట్లాగో మాత్రం మంచి వకీలే చెప్పాల. అమ్మీ పేరు మీద కరెంటు బిల్లు, ఇంటిపన్ను మార్చుకోండి అని ఫస్టు రోజే చెప్పిన వకీలు దగ్గరే మేము ఉండిపోయినాం.

హంద్రీ_నీవా (అనంతపురం):
అన్నీ బాగున్నాయి గానీ మంచి వకీలు ఎవరో తెలిసేదెట్లా? బోర్డులు అందరికీ ఉంటాయి. నెట్‌లో టాప్ టెన్ లాయర్స్ అని వెతికితే వచ్చేవి నమ్మాల్నా?

సివిల్_అక్క:
నమ్మొద్దు. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు అని బార్ కౌన్సిల్ రూలే ఉంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో జిల్లా పెట్టి లాయర్ పేరుతో వెతకొచ్చు, ఆయన ఎన్ని భాగపరిష్కారం (ఆస్తి పంపకాల) దావాలు, వీలునామా దావాలు నడిపినాడో కనపడుతుంది. కోర్టులో వీలునామాలు ఎట్ల విరిగిపోతాయో చూసినోడు రాసే వీలునామా వేరేగా ఉంటుంది, నా నమ్మకం అయితే అదే. కేసు గెలిస్తే ఆస్తిలో ఇంత వాటా ఇవ్వాల అని ఫీజు మాట్లాడేవాడి దగ్గర ఇంక కూర్చోవద్దు, రూల్స్ ఒప్పుకోవు. అన్న తరఫున ఇదివరకే ఏదైనా కేసు చూస్తాండాడా అని కూడా అడగాల, మీ నాయన లాయరు మీ నాయనకే లాయరు, అన్నకు కాదు.

అనంత_ఆడిటర్:
ఇక్కడ నేను అక్కతో కొంచెం విభేదిస్తా. బెంగళూరాయన్ని పూర్తిగా కొట్టేయొద్దు. తుంగభద్ర వాళ్ళ అక్క గ్రీన్ కార్డు మీద ఉంది, లక్ష డాలర్లు దాటి వారసత్వం వస్తే అక్కడ 3520 అని ఫారం వేయాల, పన్ను పడకపోయినా వేయకపోతే జరిమానా. ఇట్లాంటివి జిల్లా కోర్టు వకీలుకు తెలిసే అవకాశం తక్కువ. ఇక్కడ అమ్మిన డబ్బు అక్కడికి పంపాలన్నా ఎన్ఆర్ఓ అకౌంటు (ఎన్నారైల ఇక్కడి డబ్బుకు ఉండే బ్యాంకు ఖాతా), ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి, ఫారాలు, చాలా తతంగం.

సివిల్_అక్క:
ఆ ఫారం వేసేది తుంగభద్ర వాళ్ళ నాయన కాదు, వాళ్ళ అమెరికా అక్క. వేయాల్సి వచ్చినప్పుడు అక్కడి ట్యాక్స్ మనిషి చూసుకుంటాడు, దానికి ఇప్పుడు లక్షన్నర ఎందుకు? బెంగళూరాయనకు మన పాత దస్తావేజులు చదవడం వచ్చా అడగండి. ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరాల) లెక్కల్లో ఉండే పాత అడంగల్లు, చేతిరాత దస్తావేజులు, 1బీలో (భూమి హక్కుల రికార్డులో) జేజినాయన పేరు ఒకరకంగా పాసుబుక్కులో ఇంకోరకంగా ఉండేది, చేను పట్టానా డీకేటీనా (ప్రభుత్వం ఇచ్చిన భూమా), 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో) ఉందా, ఇవన్నీ ఇక్కడ తిరిగేవాళ్ళకే తెలిసేది. ఓర్వకల్లు సర్వే నంబరు పట్టుకుని ఆయన కూడా చివరికి కర్నూలు జూనియర్ ఎవరికో ఫోన్ చేస్తాడు.

అనంత_ఆడిటర్:
హహ, ఆ మాట నిజమే. సరే ఇక్కడి వకీలు రాసిన డ్రాఫ్టు సంతకానికి ముందు ఒక ఆడిటర్ చూడాల, అంతవరకు ఒప్పుకుంటావా అక్కా? బ్యాంకు డిపాజిట్ల నామినీ పేర్లు కూడా ఆ పొద్దే సరిచూసుకోండి, నామినీ అంటే డబ్బు తీసుకునేవాడే, ఓనరు కాదు, వీలునామాలో ఒకరు నామినీలో ఇంకొకరు ఉంటే అదో పంచాయితీ.

సివిల్_అక్క:
ఒప్పుకుంటా. ఇద్దర్నీ ఒకే రోజు కూర్చోబెట్టండి, లేకుంటే ఒకరు రాసింది ఒకరు కొట్టేస్తారు.

తుంగభద్ర_గట్టు:
ఈరోజు మన సివిల్ వకీలు దగ్గరికి పోయొస్తి అక్కా. కూర్చోంగానే జేజినాయన ఏ సంవత్సరం పోయినాడు అని అడిగినాడు! నాకు తెలీక నాయనకు ఫోన్ చేస్తే ఆయనకూ సరిగ్గా గుర్తులేదు, డెత్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు, అప్పటి పాసుబుక్కు, 13 ఏండ్లు కాదు ఇంకా వెనక్కి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల సర్టిఫికెట్) తీయమన్నాడు. తర్వాత, నాయనతో ఒక్కడితోనే మాట్లాడాల, సోమవారం ఆయన్నే తీసుకురా, నువ్వు బయట కూర్చో అన్నాడు. ముందు కొంచెం కోపం వచ్చింది గానీ నువ్వు చెప్పింది గుర్తొచ్చి సరే అన్నా. అన్నకు కూడా చెప్పినా, ఫెమా సంగతి చెప్పేసరికి వాడే బెంగళూరాయన్ని ఆపేసినాడు, ఎందుకంటే ఆయన ఇచ్చిన డ్రాఫ్టులో చేను ముగ్గురికీ గిఫ్ట్ అనే ఉండాదంట. అమెరికా అక్కకు రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్తాము.

రాగిసంగటి_రెడ్డి:
లక్షన్నర తీసుకునేవాడు కూడా గిఫ్ట్ అనే రాసినాడా, ఇంక మా రైటర్ని అంటారేంది మీరు! సరే, మీ వకీలు ఫీజు ఎంతన్నాడో సోమవారం వచ్చి రాయప్పా, మా చిన్నాయనకు కూడా పని ఉండాది.