పిల్లాడి ఓసీడీకి మందుల బదులు న్యూరోఫీడ్‌బ్యాక్ చేయించొచ్చా?

బెజవాడ_అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు, ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలొచ్చి చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే జబ్బు) అని సైకియాట్రిస్ట్ తేల్చారు. చేతులు మోచేతుల దాకా కడుగుతాడు, మధ్యలో ఎవరైనా పిలిచారా, మళ్లీ మొదట్నుంచీ. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, పచ్చడన్నం కలుపుకుంటే మండుతోందని స్పూన్‌తోనే తింటున్నాడు. సెర్ట్రలిన్ అనే మందు రాశారు గానీ మావారూ అత్తయ్యగారూ అలాంటి మందులు అలవాటైపోతాయి వద్దంటున్నారు. ఒక సెంటర్‌వాళ్లేమో న్యూరోఫీడ్‌బ్యాక్ అని, తలకి సెన్సర్లు పెట్టి స్క్రీన్ మీద కార్టూన్ చూపిస్తాం, బ్రెయిన్ వేవ్స్ సరిగ్గా ఉంటే బొమ్మ ఆడుతుంది లేకపోతే మసకబారుతుంది, అలా మెదడు తనే నేర్చుకుంటుంది, నలభై సిట్టింగుల్లో తగ్గుతుంది అన్నారు. డబ్బు మొత్తం ముందే కట్టాలట. ఎవరైనా చేయించారా?

గోదారోడు:
మా పాపకి చేయించాం అక్కా. నిద్ర బాగుపడింది, చిరాకు తగ్గింది. పూర్తిగా పోయిందని అనను గానీ అదంతా మోసం అని కొట్టిపారేసేవాళ్ల మాట వినకండి. టర్కీలో మందులకి లొంగని ఓసీడీ ఉన్న 36 మందికి చేస్తే 33 మందికి తగ్గిందని 2011లో పేపర్ వచ్చింది.

రాత్రిడ్యూటీ:
నేను సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను. ఆ పేపర్ నిజమే, కానీ అందులో పోల్చి చూడ్డానికి ఇంకో గ్రూపే లేదు. అది ఎందుకు ముఖ్యమో ఏడీహెచ్‌డీ (పిల్లల్లో ఏకాగ్రత కుదరక, నిలకడ లేకపోయే సమస్య) కథ చూస్తే తెలుస్తుంది. న్యూరోఫీడ్‌బ్యాక్ మీద ఎక్కువ పరిశోధన జరిగింది దాంట్లోనే. 2021లో అమెరికాలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మందిని తీసుకుని కొందరికి అసలుది, కొందరికి ఉత్తుత్తిది చేశారు, ఎవరికేది చేస్తున్నారో పిల్లలకీ తల్లిదండ్రులకీ చెప్పలేదు. రెండు గ్రూపులూ బాగుపడ్డాయి, ఏకాగ్రత విషయంలో అసలుదానికి ఉత్తుత్తిదానికీ తేడా కనపడలేదు. అంటే గోదారోడు గారి పాప బాగుపడ్డం అబద్ధం కాదు, వారం వారం ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని శభాష్ అంటుంటే ఏ పిల్లకైనా కొంత మేలే, కానీ దానికి అంత ఖరీదైన మెషిన్ అక్కర్లేదు కదా.

ఇంకోటి, ఓసీడీలో గాడి తప్పే సర్క్యూట్‌లో చాలా భాగం మెదడు లోతుల్లో ఉంటుంది. నెత్తి మీద పెట్టే సెన్సర్‌కి ప్రధానంగా అందేది పై పొర సిగ్నలే.

డాలస్_బావ:
ఇక్కడ కూడా ఈ సెంటర్లు ఉన్నాయి. న్యూరోఫీడ్‌బ్యాక్‌తో సహా బయోఫీడ్‌బ్యాక్ మెషిన్లన్నిటినీ ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రిలాక్సేషన్ ట్రైనింగ్ సామాను కింద లెక్కేస్తుంది. ఓసీడీ తగ్గిస్తాయని కాదు. సెర్ట్రలిన్‌కైతే ఆరేళ్లు దాటిన పిల్లల ఓసీడీకి 1997లోనే అనుమతి ఇచ్చారు.

గోదారోడు:
ఆ ఎఫ్‌డీఏనే 2004లో ఇలాంటి మందుల సమాచార పత్రాల మీద పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని నల్లగీత హెచ్చరిక కూడా వేయించింది బావా, అదెందుకు చెప్పరు? పైగా అందరూ థెరపీ థెరపీ అంటారు, అదే, మందుల్లేకుండా భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పేది, తెలుగులో పిల్లలతో మాట్లాడి అది చేసేవాళ్లు మా జిల్లాలో ఒక్కరుంటే చూపించండి. దొరకనిదాన్ని మంచిదని చెప్తే ఏం లాభం?

రాత్రిడ్యూటీ:
రెండోది న్యాయమైన మాట, దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి దగ్గర్లో ఎవరున్నారో చెప్తారు. మందు సంగతి, ఆ హెచ్చరిక నిజం, ఆ లెక్కల్లో ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నాలో కనపడింది మందు వాడినవాళ్లలో సుమారు 4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం మందికి, ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అందుకే మొదటి కొన్ని వారాలు పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, డాక్టర్‌కి చెప్పకుండా టక్కున ఆపకూడదు. మత్తుమందులా అలవాటయ్యేది మాత్రం కాదు.

థెరపీ గురించి ఎందుకింత పట్టు అంటే, 2004లో 112 మంది పిల్లల మీద 12 వారాలు చేసిన ట్రయల్లో థెరపీ, సెర్ట్రలిన్ కలిపి ఇస్తే 54 శాతం దాదాపు పూర్తిగా తేరుకున్నారు, థెరపీ ఒక్కటే అయితే 39, మందొక్కటే 21, ఉత్తుత్తి మాత్రకి 4. మందు ఇష్టం లేనివాళ్లకి దారి థెరపీయే, న్యూరోఫీడ్‌బ్యాక్ కాదు.

బెజవాడ_అమ్మ:
అత్తయ్యగారు మడి కట్టుకుంటారు, వాడిది శుభ్రతే కదా అంటారు. ఇంక వాడేమో ప్రతి అయిదు నిమిషాలకీ అమ్మా చెయ్యి బాగుందా అని అడుగుతాడు. బాగుందనక ఏమంటాం?

రాత్రిడ్యూటీ:
మడి అయ్యాక అత్తయ్యగారు హాయిగా భోంచేస్తారమ్మా, బాబుకి కడిగాక కూడా మనసు కుదుటపడట్లేదు, తేడా అక్కడుంది. మీరు బాగుందన్న ప్రతిసారీ కాసేపు చల్లారుతుంది, తర్వాత ఇంకోసారి అడగాలనిపిస్తుంది. ఒకేసారి మానేయకండి, "ఇది ఓసీడీ అడిగే ప్రశ్న, దానికి జవాబు చెప్పను, నీ పక్కనే ఉంటాను" అనండి, ముందు వాడికి ఈ సంగతి చెప్పి ఉంచండి. థెరపిస్ట్ దొరికాక కూడా తేలికైన దానితోనే మొదలెడతారు, టీవీ రిమోట్ ముట్టుకుని కాసేపు కడక్కుండా కూర్చోవడం లాంటిది. బాత్రూమ్ గొళ్లెం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఆ సెంటర్‌కి డబ్బు కట్టేశారా?

బెజవాడ_అమ్మ:
ఇంకా లేదండీ, శనివారం లోపు కడితే డిస్కౌంట్ అన్నారు.

డాలస్_బావ:
శనివారం పోనివ్వండి అక్కా.